ఏడు సీట్లు, ఎనిమిది మంది

పక్కింటామె ఎదురింటామెతో అన్నదట. ఎదురింటామె ఆ మాటను ఇస్త్రీ షాపు దాకా మోసుకొచ్చి, తన బట్టల మూటతో పాటు అక్కడ దించేసి పోయిందట. ఇస్త్రీ ఆయన రెండు రోజులు కడుపులో దాచుకుని, మూడో రోజు ఉండబట్టలేక, వాళ్ళాయన చొక్కాల కోసం వచ్చిన సీట్లక్క చెవినే వేశాడు.

"నా మాట కాదక్కా, విన్నమాట. మీ ఇంట్లోకి ఏడు సీట్ల బండి వస్తోందట. ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో మీవాళ్ళు కాగితం మీద గీసుకున్నారట. మీ ఇంట్లో ఎనిమిది మంది. బండిలో ఏడు సీట్లు. మిగిలిపోయింది ఎవరో చెప్పుకో చూద్దాం అని పక్కింటామె పొడుపుకథ వేసిందట."

"ఎవరట?"

ఇస్త్రీ ఆయన చొక్కా కాలరు మీద పెట్టె నొక్కిపెట్టి, తలెత్తకుండా అన్నాడు. "ఊరందరి బండ్లకీ సీట్లు కుట్టే మనిషికి సొంత బండిలో సీటు లేదు అన్నదట."

సీట్లక్క పకపకా నవ్వింది. "మా ఇంట్లో ఎనిమిది మంది అన్న సంగతి పక్కింటామెకైనా గుర్తుంది. సంతోషం" అంది. చొక్కాలు చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది. వీధి మలుపు తిరిగేసరికి ఆ నవ్వు కాస్తా ఎటో పోయింది.

ఆమె అసలు పేరు రేషను కార్డు మీదా, బ్యాంకు పుస్తకం మీదా ఉంది. మిగతా అన్నిచోట్లా సీట్లక్కే. మెకానిక్కు షెడ్డు పక్కన చిన్న గదిలో ముప్ఫై ఏళ్ళుగా బండ్ల సీట్లు విప్పుతుంది, కుడుతుంది, మళ్ళీ బిగిస్తుంది. సీటు కవరు విప్పిందంటే ఆ ఇంటివాళ్ళ జాతకం చెబుతుంది. చిరుతిళ్ళ పొడి, పెన్సిలు ముక్కలు, ఒంటి చెవిపోగు, ఒకసారి ఎవరో ఎవరికో రాసి ఇవ్వలేకపోయిన ఉత్తరం, ఇవన్నీ సీటు సందుల్లోంచి ఆమె చేతికే వచ్చాయి. డ్రైవరు సీటు అంచు ఎంత అరిగిందో చూసి, బండి గలాయన రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతాడో చెప్పగలదు. పక్క సీటు అసలు అరగకపోతే ఆ సంగతి పైకి చెప్పదు, మనసులో పెట్టుకుంటుంది.

బండి నడపడం కూడా ఆ షెడ్డులోనే వచ్చింది. సీటు పని అయిన బండిని బయట పెట్టాలి, పని ఉన్న బండిని లోపలికి తేవాలి. ప్రతిసారీ మెకానిక్కును బతిమాలడం ఇష్టం లేక ఒకరోజు తనే ఎక్కి కూర్చుంది. షెడ్డు వాకిలి నుంచి గోడ దాకా ముందుకి ఇరవై అడుగులు, వెనక్కి ఇరవై అడుగులు. పదేళ్ళు అంతే నడిపింది. అందుకే ఆమెకి ముందుకి పోవడం కన్నా వెనక్కి రావడం బాగా వచ్చు. నాలుగు నెలల కిందట లైసెన్సు పరీక్షకి పోతే, రివర్సులో ఆమె బండిని రెండు కర్రల మధ్యకి దూర్చిన తీరు చూసి పరీక్ష పెట్టిన ఆఫీసరు "ఇంకోసారి చేసి చూపించండమ్మా" అన్నాడు. తప్పు చేసిందేమోనని కాదట, మళ్ళీ చూడాలనిపించి.

లైసెన్సు ఇంటికి తెస్తే అందరూ చేతులు మార్చి మార్చి చూశారు. ఫొటో బాగాలేదన్నారు. బావగారు, అంటే వాళ్ళాయన అన్నగారు, "ఈ వయసులో ఎందుకమ్మా, సరదాకా?" అన్నారు. బావగారి భార్య, సీట్లక్క అక్కా అని పిలిచే ఆవిడ, "ఫ్రేము కట్టించి గోడకి తగిలించు" అంది. సీట్లక్క దాన్ని తీసుకెళ్ళి సూదుల డబ్బాలో పెట్టుకుంది.

సరదాకి కాదు. ఊరి బయట కొండరోడ్డు మీద ఒక పాత సినిమా హాలును బాగుచేస్తున్నారు. మూడు వందల కుర్చీలకి కొత్త కవర్లు వేయాలి. కుర్చీలు నేలకి బిగించినవి, ఊడదీస్తే మళ్ళీ నిలబడవు. అందుకని పని అక్కడే కూర్చుని చేయాలి. కుట్టు మిషను, ఫోము, రెక్సిను చుట్టలు రోజూ పట్టుకెళ్ళాలి, రోజూ తెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ హాలుకి ఇంకా తలుపులు లేవు. బస్సులో రెక్సిను చుట్టతో ఎక్కితే కండక్టరు ప్రతిసారీ "ఇది ఎవరి తాలూకు ప్యాసెంజరు?" అని గొడవ. వచ్చే నెల ఒకటో తారీఖుకి మొదలుపెడతానని ఆమె మాట ఇచ్చింది. ఒకటో తారీఖుకి ఆమె రాకపోతే వేరే వాళ్ళని పెట్టుకుంటామని హాలు మేనేజరు కూడా అంతే మర్యాదగా చెప్పాడు.

అందుకే ఒకరోజు అన్నాల దగ్గర "నేనొక బండి కొనుక్కుంటున్నాను" అంది. బస్సు డిపో వాళ్ళకి ఏడాదిన్నర పాటు సీట్లన్నీ తిరగ కుట్టి దాచుకున్న డబ్బు ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు, ఊరికే తెలియజేసింది. ఆమె చేసిన పొరపాటల్లా అదే. తెల్లారేసరికి బండి ఆమె చేతుల్లోంచి జారి ఇంటిల్లిపాదిదీ అయిపోయింది. వారం తిరక్కుండానే కంపెనీ వాళ్ళ రంగురంగుల కాగితాలు టీవీ మీదా, ఫ్రిజ్జు మీదా, ఆఖరికి స్నానాల గదిలో కూడా కనిపించసాగాయి.

ఇప్పుడు ఇంటికొచ్చి మనవరాలిని పిలిచింది. "ఏదీ, పక్కింటి వాళ్ళకి చూపించావట, నాకూ చూపించు ఆ బొమ్మ."

చిన్నది గర్వంగా తెచ్చింది. కంపెనీ కాగితం వెనకవైపు కొడుకు స్కేలు పెట్టి బండి గీశాడు. ఏడు గళ్ళు. స్టీరింగు ముందు కొడుకు. పక్కన బావగారు. మధ్య వరుసలో అక్క, కోడలు, వాళ్ళాయన. చివరి వరుసలో మనవడు, మనవరాలు. చిన్నది అందరికీ రంగులు కూడా వేసింది. బావగారి గడికి మీసం పెట్టింది.

సీట్లక్క కాగితాన్ని ఒకసారి చూసింది. తిప్పి అవతలి వైపు చూసింది. అక్కడ బండి ఫొటో, కింద నవ్వుతున్న ఎవరో కుటుంబం. వాళ్ళు నలుగురే.

సాయంత్రం అందరూ చేరాక కాగితం బల్ల మీద పెట్టింది. "ఇందులో నేనెక్కడున్నానురా?"

కొడుకు ముఖం చూస్తే పరీక్షలో ఆఖరి పేజీ తిప్పడం మర్చిపోయినవాడిలా ఉంది. "అమ్మా, అది ఊరికే గీసింది. నిన్ను మర్చిపోతానా?"

"నేను అదే అడుగుతున్నాను."

బావగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నువ్వెక్కడికి వస్తావులే అమ్మా. నీకు ఊపిరి సలపని పని. అయినా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా."

ఆ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉంది. పెళ్ళికి పోయినా, సముద్రం చూడటానికి పోయినా, ఎవరికో పిల్లాడు పుడితే చూడబోయినా, అద్దె బండి వాకిట్లోకి వచ్చాక ఎలాగో ఒక సీటు తగ్గేది. తగ్గిన ప్రతిసారీ బావగారు ఈ మాటే అనేవారు. ఎవరో ఒకరు అంటే ఎవరో ఎవరూ అడిగేవారు కాదు. సీట్లక్క వాకిట్లో నిలబడి చెయ్యి ఊపి, లోపలికొచ్చి, మిషను ముందు కూర్చునేది. పోయినవాళ్ళు ఫొటోలు తెచ్చేవారు. సముద్రాన్ని ఆమె ఫొటోల్లోనే చూసింది.

కొడుకు పెన్సిలు తీశాడు. చివరి వరుసలో పిల్లలిద్దరి గళ్ళ మధ్య ఉన్న సందులో ఒక చిన్న గుండ్రం గీశాడు. "ఇదిగో అమ్మా. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరి. హాయిగా సరిపోతావు."

"స్టీరింగు ముందు నువ్వున్నావేంటి?"

"నేర్చుకుంటున్నా కదా."

"రెండేళ్ళ నుంచీ నేర్చుకుంటున్నారు" అంది కోడలు కూరగిన్నె దించుతూ. "డ్రైవింగు స్కూలు వాళ్ళు గుర్తుకి పెట్టిన ప్లాస్టిక్కు డబ్బా మీదికి బండి ఎక్కించిన రోజు నుంచీ ఆ వీధి మొహం చూడలేదు. ఆఫీసుకి కూడా చుట్టు తిరిగి పోతున్నారు."

"పని ఒత్తిడి" అన్నాడు కొడుకు.

"నాకు పెద్దది వద్దు" అంది సీట్లక్క. "చిన్నది చాలు. అదే, కాంపాక్టు అంటున్నారే, అది."

బావగారు ఎవరో తన కంచంలో చెయ్యి పెట్టినట్టు చూశారు. "ఇంత కుటుంబం ఉండి అగ్గిపెట్టె కొంటామా? అందులో ఐదుగురే పడతారు."

"నేను ఒక్కదాన్నే కదా బావగారూ, పట్టాల్సింది."

"అది కాదమ్మా. అందరం కలిసి ఒక్క బండిలో పోతుంటే ఆ దర్జా వేరు. నలుగురూ చూస్తారు."

"అందరం అంటే?"

"అందరం అంటే అందరమే" అన్నారు ఆయన. ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు.

వాళ్ళాయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. నీళ్ళ ఆఫీసులో ఫైళ్ళు చూసే మనిషి. ఎవరేమడిగినా పై అధికారికి పంపడం అలవాటు. "అన్నయ్య అన్నాక ఇంకేముంది" అని ఫైలు అటు తోసేశాడు.

"ఆదివారం షోరూముకి పోదాం" అని బావగారు తేల్చేశారు. "పెద్దది ఎక్కి చూశాక నువ్వే ఒప్పుకుంటావు. లేకపోతే నా మీసం తీసేస్తాను."

ఆయనకి మీసం లేదు. బొమ్మలో పెట్టింది చిన్నదే.

ఆదివారం షోరూముకి పోవడానికి అద్దె బండి పిలిచారు. వచ్చింది. ఏడుగురు ఎక్కారు. అక్క తలుపు పట్టుకుని "అయ్యో, నీకు..." అంది.

"మీరు పదండక్కా. నాకు బస్సుంది" అంది సీట్లక్క. పనిసంచి భుజానికి తగిలించుకుంది. గదిలోకి పోయి నాలుగున్నర అడుగుల రెక్సిను చుట్ట ఒకటి కూడా చంకకెత్తుకుంది. కండక్టరు ఆదివారం పూట కూడా వదల్లేదు. "టికెట్టు ఇద్దరికా?" అన్నాడు. "దీన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను, హాయిగా సరిపోతుంది" అంది ఆమె.

బస్సుకి ఎర్రదీపాలు అడ్డురాలేదో ఏమో, ఆమే ముందు చేరింది. చుట్టను షోరూము అద్దం తలుపు పక్కన గోడకి ఆనించింది. కాపలా మనిషి దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

లోపల నేల నీళ్ళు పోసినట్టు మెరుస్తోంది. చల్లగా ఉంది. కొత్త సీట్ల వాసన, దాని కింద అతికించే జిగురు వాసన. జిగురు తక్కువ రకం అని ముక్కుకే తెలిసిపోయింది. టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆమెను దాటిపోయి, అప్పుడే దిగి లోపలికి వస్తున్న బావగారి ముందు ఆగాడు.

"రండి సార్. పెద్ద కుటుంబం అని చూస్తేనే తెలిసిపోతోంది. మీలాంటి వాళ్ళ కోసమే ఈ బండి సార్."

పెద్దబండి గదంతా తానే అయి నిలబడి ఉంది. ఎక్కడానికి మెట్టు. పైకప్పులో కిటికీ. బావగారు ముందు సీట్లో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు, ఫొటో తీయించుకుంటున్నట్టు. అందరూ ఎవరి గళ్ళలో వాళ్ళు సర్దుకున్నారు. కొడుకు స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. బండి కదలకపోయినా కోడలు పైన ఉన్న పిడి పట్టుకుంది.

"నువ్వూ రా అమ్మా, నీ చోటు చూసుకో" అని పిలిచారు బావగారు.

వాళ్ళాయన దిగి దారిస్తే, సీట్లక్క మధ్య సీటు మడిచి, వంగి, పాకి వెనక్కి చేరింది. కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి వచ్చాయి. సీటు అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఫోము లొంగి వెంటనే అడుగున ఇనుము తగిలింది. కుట్టు వెంబడి గోరు పోనిచ్చింది.

"ముందు రెండు వరుసలూ తోలు" అంది. "ఇది రెక్సిను. చూపుకి ఒకటే రంగు."

సేల్స్ కుర్రాడు గతుక్కుమన్నాడు. "మీకెవరు చెప్పారు మేడం?"

"కుట్టు చెప్పింది. ఇక్కడ ఎవరు కూర్చుంటారు బాబూ?"

"పిల్లలు మేడం. అవసరమైతే పెద్దవాళ్ళు కూడా. అంటే, కొద్ది దూరానికి."

"నా దగ్గరికి ఆరేడేళ్ళు వాడిన బండ్లు వస్తాయి. ఇలాంటివే, ఏడు సీట్లవి. ముందు సీట్లు చీకిపోయి ఉంటాయి. ఈ వరుస మీద కంపెనీ వాడు వేసిన ప్లాస్టిక్కు కూడా ఊడి ఉండదు. చింపుతుంటే పటపటమంటుంది. అందరం కలిసి పోదామని కొంటారు. ఆ అందరూ ఎప్పుడు పోతారో నాకింకా తెలియలేదు. సీట్లకీ తెలియలేదు."

"ఇప్పుడా కబుర్లెందుకమ్మా" అన్నారు బావగారు వెనక్కి తిరక్కుండానే. "బాబూ, ఒకసారి నడిపి చూడొచ్చా?"

"తప్పకుండా సార్. లైసెన్సు ఎవరిది?"

కొడుకు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బావగారు "నాదుంది... దాని గడువు..." అని సణిగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ లైసెన్సు గడువు దాటి పదకొండేళ్ళు. వాళ్ళాయన పైకప్పులోని కిటికీలోంచి షోరూము దీపాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

వెనక వరుసలో పనిసంచి జిప్పు చప్పుడైంది. టేపు, సుద్దముక్క, వంకర సూది, కత్తెర ఒకటొకటిగా సీటు మీదికి వచ్చాయి. ఆఖరున సూదుల డబ్బా. అందులోంచి లైసెన్సు తీసి, సుద్దపొడి దులిపి, ముందుకి అందించింది. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి, వరుస నుంచి వరుసకి పోయి కుర్రాడి దగ్గరికి చేరింది. అతను ఫొటోని చూశాడు, ఆమెను చూశాడు.

"ఫొటో బాగాలేదని ఇంట్లో ముందే చెప్పారు" అంది సీట్లక్క. "నన్ను దిగనివ్వండి. నా చోటు ముందు ఉంది."

కుర్రాడు కూడా రావాలట, కంపెనీ నియమం. ముందు పక్క సీటు అతనిది. అంటే బావగారు మధ్య వరుసలోకి. అంటే ఇద్దరు దిగాలి. అలవాటుగా అందరి కళ్ళూ సీట్లక్క వైపు తిరిగాయి. తిరిగి, అలాగే వెనక్కి పోయాయి. ఆమె దిగితే బండి కదలదు. ఆ ఇంటి చరిత్రలో అలాంటిది జరగడం అదే మొదలు. చివరికి అక్కా, వాళ్ళాయనా దిగి, షోరూము వాళ్ళ సోఫాలో కూర్చున్నారు. అక్కకి ఊరికే వచ్చే కాఫీ ఇచ్చారు.

నడిపి చూడటానికి బయట ఉంచిన అలాంటిదే ఇంకో బండిలో సీట్లక్క సీటు ముందుకి జరుపుకుంది. అద్దాలు సర్దుకుంది. బండి రోడ్డెక్కింది.

"నెమ్మది, నెమ్మది" అన్నారు బావగారు. "హారను కొట్టు. ఎడమకి, ఎడమకి. బస్సొస్తోంది చూడు."

"చూశాను. ఆ బస్సులో సీట్లు నేను కుట్టినవే."

"అది కాదమ్మా, నువ్వు కొంచెం..."

"బావగారూ, మీరు వెనక ఉన్నారు. వెనక కూర్చున్నవాళ్ళు కిటికీలోంచి చూస్తారు."

సేల్స్ కుర్రాడు దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆమె రెండు వీధులు తిరిగింది. గుండ్రం కూడలిలో చెత్తబండికి దారిచ్చింది. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించింది, వెనక్కి బెత్తెడు కూడా జారలేదు. తిరిగొచ్చాక షోరూము ముందు రెండు బండ్ల మధ్య ఖాళీ కనిపించింది. కుర్రాడు "ఇక్కడే రోడ్డు మీద ఆపేయండి మేడం, మేం పెట్టుకుంటాం" అనేలోపే ఆమె వెనక్కి తిప్పింది. షెడ్డులో పదేళ్ళు చేసిన పనే. ఒక్కసారికే, దిండు గలీబులోకి దూరినట్టు దూరింది. కాపలా మనిషి ఈల వేశాడు.

బావగారు దిగుతూనే మారిపోయారు. మొహం వెలిగిపోతోంది.

"ఇంకేం! డ్రైవరు బెంగ తీరింది. మరదలుండగా మనకి లోటేంటి? పెద్దదే తీసుకుందాం. సోమవారం నా కంటి డాక్టరు. మంగళ, శుక్రవారాలు మీ అక్క మోకాళ్ళ వైద్యం."

"పొద్దున ఎనిమిదికి పిల్లల బడి" అంది కోడలు. "మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ."

"ఎనిమిదిన్నరకి నన్ను ఆఫీసులో దింపేసి, అటునుంచటే..." అన్నాడు కొడుకు.

"అటునుంచటే?" అంది సీట్లక్క.

"అంటే, అటునుంచి ఇంటికి."

"సినిమా హాలుకి నేనెప్పుడు పోవాలిరా?"

"అదీ చూద్దాంలే అమ్మా. మధ్యమధ్యలో."

ఆమె వాళ్ళ ముగ్గురి మొహాలూ ఒకసారి చూసింది. కోపంగా కాదు, కుట్టాల్సిన గుడ్డని చూసినట్టు. "మొన్నటిదాకా నాకు సీటు లేదు" అంది. "ఇవాళ సీటిచ్చారు, దిగడానికే వీల్లేదు."

అని, తలుపు దగ్గర ఆనించిన రెక్సిను చుట్ట భుజానికెత్తుకుని, నున్నటి నేల మీద టకటకా నడుచుకుంటూ చిన్నబండి దగ్గరికి పోయింది. అది ఒక మూల నిలబడి ఉంది, ఎవరూ పిలవని చుట్టంలా. వెనక తలుపు ఎత్తింది. "బాబూ, ఈ సీటు పూర్తిగా పడుకుంటుందా?"

కుర్రాడు పరుగున వచ్చి వెనక సీటు మడిచాడు. సీట్లక్క టేపు తీసి అడ్డంగా ఒకసారి, మూలగా ఒకసారి కొలిచింది. చుట్టను మూలగా లోపలికి పెట్టింది. అవతలి కొస కొంచెం ఆగినట్టయింది. ముందు సీటు వైపు నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి, ఆ కొసను బెత్తెడు పక్కకి జరిపింది. చుట్ట చక్కగా పడుకుంది.

ఆమె తొంగి చూసింది. ముందు పక్క సీట్లో వాళ్ళాయన.

"మీరిక్కడున్నారేంటి?"

"సోఫాలో వదిన కాఫీ గురించి చెబుతూనే ఉంది" అన్నాడు ఆయన. "ఊరికే ఎక్కి కూర్చున్నాను. మోకాళ్ళు తగలడం లేదు."

"మీ అన్నయ్యగారు ఏమంటారో కనుక్కున్నారా?"

ఆయన ఎదురుగా ఉన్న అద్దంలోంచి బయటికి చూశాడు. తర్వాత పక్కనున్న బెల్టు లాగి, తడుముకుని తడుముకుని, క్లిక్కుమని పెట్టుకున్నాడు. ఆయన ఏ ఫైలు మీదనైనా సంతకం పెట్టగా ఆమె చూడటం అదే మొదటిసారి.

"మిషను ఈ పక్కన పడుతుంది" అంది ఆమె సేల్స్ కుర్రాడితో. "ఫోము పైన. ఒకటో తారీఖులోపు ఇస్తారా?"

"మూడు రోజుల్లో ఇస్తాం మేడం. బండి సార్ పేరు మీదా?" కుర్రాడి కళ్ళు అలవాటు కొద్దీ బావగారి వైపు పోయాయి.

"కుట్టిన మనిషి పేరు మీద రాయి."

కుర్రాడు కాగితాలు ఆమె వైపు తిప్పాడు. ఆమె బండి మీదే పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కోకుండా, తన అసలు పేరు నిండుగా రాసింది. మనవరాలు పక్కన నిలబడి చదివి, "నానమ్మా, ఇది నీ పేరా?" అని ఆశ్చర్యపోయింది.

అప్పటికి మిగతావాళ్ళంతా చిన్నబండి చుట్టూ చేరారు. అక్క కాఫీ కప్పుతోనే వచ్చింది. కొడుకు జేబులోంచి గళ్ళ కాగితం తీసి, ఎటు మడవాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బావగారు బండి వెనకకొచ్చి లోపలికి చూశారు. మడిచిన సీటు, దాని మీద మూలగా పడుకున్న చుట్ట, ముందు బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చున్న తమ్ముడు. ఆయన గొంతు షోరూమంతా వినబడింది.

"ఉన్నవే ఐదు సీట్లు. అందులో మూడు మడిచేశావు. ఇది ఒక కుటుంబం కొనే బండేనా? మేమంతా ఎక్కడ కూర్చోవాలమ్మా?"

సీట్లక్క వెనక తలుపు దించి, అది గట్టిగా పడిందో లేదో అరచేత్తో నొక్కి చూసుకుంది.

"ఇంట్లో కూర్చోండి బావగారూ. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా."